విప్పి చూసే విద్య

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. రోజూ దాని మీదుగా ఆఫీసులకు పోయే కుర్రాళ్లలో చాలామందికి ఆయన ‘మోటారు చేసినాయన’గానే తెలుసు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు చేసిన మాట నిజమే గానీ, నాకు ఆయన కథలో అంతకన్నా ఇష్టమైంది ఒక మోటారుసైకిలు. 1893లో కలంగల్ పల్లెలో తెలుగు రైతు ఇంట పుట్టిన ఆయనకు బడి అంటే గిట్టేది కాదు. ఒకనాడు ఎవరో దొర తోలుకుంటూ వచ్చిన రడ్జ్ మోటారుసైకిలు చూసి మనసు పారేసుకున్నారు. కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వర్‌గా చేరి, పైసా పైసా కూడబెట్టి బండి కొన్నారు. కొన్నాక దాన్ని తోలుకుంటూ ఊరంతా తిరగాలని చూడలేదు. ఏ ముక్కకా ముక్క విప్పి, మళ్లీ బిగించారు.

ఆ తర్వాతివన్నీ ఆ విప్పడంలోంచే వచ్చాయంటాను. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి తనే డ్రైవరుగా ఒక బస్సు నడిపి మొదలుపెట్టారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనన్నారు. 1952లో రెండు వేల రూపాయల ఖర్చులో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు, సర్కారు లైసెన్సు ఇవ్వక అది అక్కడే ఆగింది. విదేశీ కంపెనీలంటే ఆయనకు ద్వేషమేమీ లేదు. జర్మనీ వెళ్లారు, వాళ్ల యంత్రాలు చూశారు, నేర్చుకోవలసింది నేర్చుకున్నారు. ఆయన అడిగిందల్లా ఒకటే: లోపల ఉన్నదేమిటి, దానికి ఇంత ధర ఎందుకు?

ఈ గుణం ఒక్క మనిషిది కాదు, ఈ నేల నేర్పింది. విజయనగరం రోజుల్లోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలోనూ మా తెలుగువాళ్లు దక్షిణానికి దిగి వచ్చారు. చాలామందికి దొరికింది నల్లరేగడి, పైన వాన తక్కువ. నీళ్లంటే నూతి నీళ్లే. తరాల తరబడి మోట తోలారు. 1930లలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు రాగానే నూతుల మీదికి మోటార్లు ఎక్కాయి. పైరు ఎండుతున్నప్పుడు మోటారు కాలిపోతే, కంపెనీకి ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చునే రైతు ఎక్కడుంటాడు? వైండింగు చుట్టేవాడు, బేరింగు మార్చేవాడు కూతవేటు దూరంలో ఉండాల్సిందే. కోయంబత్తూరులోని పీళమేడు, గణపతి సందుల్లో లేత్ పట్టరైలు (చిన్న వర్క్‌షాపులు) అలా పుట్టినవే. పీళమేడులోనే 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు నలుగురూ ఆస్తిని ఐదు వాటాలు చేసి, ఐదోది ధర్మానికి రాశారు. ఆ ధర్మం తొలినాళ్లలో పెట్టిన వాటిలో పనిముట్టు పట్టడం నేర్పే పారిశ్రామిక శిక్షణాలయం ఒకటి.

మదురైలో ఇదే గుణం కంటి ఆసుపత్రిలో కనిపిస్తుంది. ఎట్టయపురం వైపు పల్లెలో తెలుగు ఇంట పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సు అప్పట్లో దిగుమతి సరుకు, ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. పేద రోగికి అది అందే వస్తువు కాదు. ఎప్పటికైనా ధర తగ్గిస్తారని చూస్తూ కూర్చోక, 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తామే చేయడం మొదలుపెట్టారు. ధర పది డాలర్ల స్థాయికి దిగింది. ఇప్పుడు ఆ లెన్సులు వందకు పైగా దేశాలకు పోతున్నాయి.

నా పని వీటి పక్కన చీమంత. ఇంట్లో మెట్ల కింద ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు పెట్టి, మా ఫోటోలు, పాటలు, పత్రాలు, పెద్దవాళ్ల గొంతులు అందులో దాచుకుంటాను. దాన్నే ఇంటి సర్వర్ అంటున్నారు. మా కోయంబత్తూరులో ఈ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం లేరు. మిల్లులో ఎలక్ట్రీషియన్లు, కాలేజీ పిల్లలు, పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు. తాతలు మోటార్లు విప్పారు, మనవలు హార్డ్ డిస్కులు విప్పుతున్నారు.

ఇంత అవస్థ ఎందుకు, గూగుల్ వాడు దాచి పెట్టడా అని అడిగేవాళ్లకు నేను తారీకులు చెబుతాను. 2009 జూలైలో అమెజాన్, కొన్నవాళ్ల కిండిల్ ఈ-బుక్ రీడర్లలోంచి జార్జ్ ఆర్వెల్ నవలల్ని చెప్పాపెట్టకుండా చెరిపేసింది (అందులో ‘1984’ ఉండడం ఎవరూ కల్పించలేని ఎకసెక్కం). అమ్మినవాడికి హక్కులు లేవని కారణం చెప్పి డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. అయినా ఇంట్లో షెల్ఫు మీది పుస్తకాన్ని ఏ కొట్టువాడూ రాత్రికి రాత్రి వచ్చి పట్టుకుపోలేడు కదా. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. తెలుగు సాహిత్యం మీద ఎడతెగని వాదాలు నడిచిన రచ్చబండ లాంటి గుంపులకు నీడనిచ్చిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పోయింది. గూగుల్ ఫోటోస్ 2015లో ‘ఎన్నైనా ఉచితం’ అంటూ వచ్చి, అందరి పెళ్లిళ్లూ అందులో చేరాక 2021 జూన్ 1 నుంచి లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారమే ఉంది. ఒప్పందం రాసేదీ మార్చేదీ వాళ్లే. ‘నేను ఒప్పుకుంటున్నాను’ అనే బొత్తాం నొక్కడమే మన వంతు.

సొంత పెట్టె కొన్నంత మాత్రాన గండం గడవదని కూడా చెప్పాలి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి ‘మై బుక్ లైవ్’ పెట్టెలు ప్రపంచమంతటా ఇళ్లలో ఉన్నవి ఉన్నట్టే ఖాళీ అయ్యాయి. వాటికి సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఆపేసి ఏళ్లు గడిచాయి, ఇంటర్నెట్‌కు మాత్రం తగిలించే ఉన్నాయి, ఎవరో దూరాడు. వస్తువు ఇంట్లోనే ఉన్నా లోపల ఏం నడుస్తోందో తెలియకపోతే అది పరాయిదే.

అందుకే ఈ విద్యలో మొదటి మెట్టు తెరిచి చదవగల సాఫ్ట్‌వేరు. నా పెట్టెలో నడిచేది డెబియన్, 1993 నుంచీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కలిసి నిలబెడుతున్న లినక్సు. ఫోటోలకు ఇమ్మిచ్, పత్రాలకు నెక్స్ట్‌క్లౌడ్, పాటలకూ సినిమాలకూ జెల్లీఫిన్. ఈ చివరిదాని పుట్టుకే ఒక పాఠం. ఎంబీ అనే సాఫ్ట్‌వేరు 2018లో తన మూలకోడ్‌కు తాళం వేసుకుంటే, నచ్చనివాళ్లు అప్పటిదాకా తెరిచి ఉన్న కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టారు. లైసెన్సు ఆ దారి ఇచ్చింది కాబట్టి పోట్లాటే అవసరం రాలేదు.

రెండోది కరెంటు. నా పెట్టె ఊరికే ఉన్నప్పుడు 28 వాట్లు తాగుతుంది. అంటే నెలకు ఇరవై యూనిట్లు, రెండు నెలల బిల్లులో నలభై. తమిళనాడులో ఇళ్లకు మొదటి కొన్ని యూనిట్లు ఉచితం గనక ఇంట్లో పెద్దగా గొడవ రాలేదు. నెలకోసారి మెయింటెనెన్సు పేరుతో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కరెంటు తీయడం ఇక్కడ మామూలే, ఏ పేటలో ఎప్పుడో పేపర్లో ముందే వేస్తారు. దానికీ దారి ఉంది. 2012 కరెంటు కోతల్లో మిల్లులూ పట్టరైలూ అల్లాడిన రోజుల నుంచి చాలా ఇళ్లలో ఇన్వర్టరు ఉంది. దాని వెనక ‘యూపీఎస్’ అని రాసి ఉన్న చిన్న స్విచ్చు అటు తిప్పితే, కరెంటు పోయిన క్షణంలో కంప్యూటరు ఆరిపోకుండా బ్యాటరీ అందుకుంటుంది. ఈ స్విచ్చు సంగతి తెలియక ఇంకో యూపీఎస్ కొన్నవాళ్లను ఎరుగుదును. ఇక బల్లులు. గాలి రంధ్రాలకు దోమల వల కత్తిరించి అంటించకపోతే, వెచ్చదనం కోసం బల్లి లోపలికి దూరి మదర్‌బోర్డు మీద ప్రాణం వదులుతుంది. ఈ జాగ్రత్త ఇంగ్లిషు పుస్తకాల్లో రాసి ఉండదు.

అసలు పని డిస్కుల దగ్గర. రెండు డిస్కులు పెట్టి ఒకే సమాచారం రెంటిలోనూ రాయిస్తాను. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు వ్యవస్థ ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్ వేసి పెట్టుకుని, నెలకోసారి మొత్తం చదివి సరిచూస్తుంది. అలా సరిచూస్తుండగా రెండో డిస్కు దగ్గర తప్పుల లెక్క కనిపించింది. కంగారు పడితే కొత్త డిస్కు కొనాలి, వేలల్లో ఖర్చు. మోటారు ఆగితే మా పట్టరై మేస్త్రి ముందు వైండింగు జోలికి పోడు, తీగ కొసలు చూస్తాడు, తర్వాత కెపాసిటరు. అలాగే డిస్కు తన గురించి తను రాసుకునే ‘స్మార్ట్’ పట్టిక తెరిచాను. 5వ వరుస, పాడైపోయి పక్కన పెట్టిన చోట్ల సంఖ్య: సున్నా. 197, అనుమానంలో ఉన్న చోట్లు: సున్నా. 199 మాత్రం పెరిగి ఉంది. అది డిస్కు లోపలి జబ్బు కాదు, దారిలో సమాచారం చెదిరిందని గుర్తు. డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబులు కొస వదులైంది. కొత్త కేబులు తగిలించి, లెక్కలు చెరిపి, మళ్లీ మొదటి నుంచీ సరిచూడమన్నాను. తప్పులు లేవు. చెదిరిన ముక్కల్ని జెడ్‌ఎఫ్‌ఎస్ మొదటి డిస్కులోని మంచి నకలు చూసి అదివరకే బాగుచేసుకుంది. అద్దె క్లౌడులోనూ ఇలాంటివి జరుగుతాయి, వాళ్లూ బాగుచేసుకుంటారు. నేను ఆ పట్టిక చదవడం మాత్రం ఎప్పటికీ నేర్చుకునేవాణ్ని కాదు.

ఇందులో దాచేవాటిలో నాకు ఫోటోలకన్నా ముఖ్యం క్యాసెట్లు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, మాలో చాలామంది రాసేది తమిళం. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, మా వలస కథను 1976లో ‘గోపల్లపురత్తు గ్రామం’గా తమిళంలోనే రాశారు. కాబట్టి మా అవ్వల తెలుగు, ఆంధ్రలో ఎప్పుడో వాడుక తప్పిన మాటలతో, తమిళం కలిసిన యాసతో, కాగితం మీదికి దాదాపు ఎక్కనే లేదు. ఉన్నదల్లా శబ్దం. పెళ్లిళ్లలో, సీమంతాల్లో ఎవరో టేప్‌రికార్డరు పెడితే మిగిలిన శబ్దం.

క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించడం మూత విప్పే పనితోనే మొదలవుతుంది. పాత డెక్కులో, టేపు ఆనుకుని పోయే హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఒకటుంటుంది. రికార్డు చేసిన మిషనులో హెడ్డు ఏ వాలులో ఉందో, వినిపించే దానిలోనూ అదే వాలు ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా స, శ, ష అన్నీ దుప్పటి కింద నుంచి వచ్చినట్టు మూగబోతాయి. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, టేపు తిరుగుతుండగానే సన్నటి స్క్రూడ్రైవరుతో అటు కొంచెం, ఇటు కొంచెం. ఒకచోట గొంతు విచ్చుకుంటుంది, గాజుల చప్పుడు కూడా విడిగా వినిపిస్తుంది. అక్కడ ఆపి, ఆడాసిటీలో రికార్డు చేసి, ఫ్లాక్ రూపంలో దాస్తాను. ఎమ్‌పీ3 అయితే చోటు కలిసొస్తుంది గానీ, ఒకసారి కోసేసిన శబ్దం మళ్లీ రాదు. ఫ్లాక్ ఎవరి సొత్తూ కాని రూపం కాబట్టి రేపు చదివే యంత్రం దొరకదనే బెంగ ఉండదు. పైన తమిళ లిపిలో పేరు, ఊరు, ఎవరి పెళ్లో రాసి పెడతాను. మా పిల్లలకు తెలుగు అక్షరాలు రావు.

రెండు డిస్కులున్నా ఇల్లు ఒకటే. దొంగ పడ్డా, పిడుగు పడ్డా రెండూ ఒకేసారి పోతాయి. మూడు నకళ్లు, రెండు రకాల చోట్లు, ఒకటి వేరే ఊళ్లో అన్నది ఈ పనిలో పాత నియమం. వేరే ఊరు అనగానే మాకు మదురై గుర్తొచ్చింది. అక్కడ మా బావ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంది. రెస్టిక్ అనే సాఫ్ట్‌వేరు మా ఫైళ్లకు ఇక్కడే తాళం వేసి రాత్రిపూట అక్కడికి పంపుతుంది, వాళ్లవి ఇటు వస్తాయి. “నా ఇంట్లో పెట్టుకుని నేనే చూడలేనేంట్రా, ఇదెక్కడి చుట్టరికం!” అని మొదట్లో బావ నవ్వాడు. తాళం చెవి లేకుండా దాచిపెట్టగల చుట్టం మంచిదే అన్నాను.

రెండిళ్లనూ కలపడంలోనే చిక్కు వచ్చింది. ఆసియా పసిఫిక్‌కు కేటాయించిన పాత రకం ఐపీ చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు వందలాది ఇళ్లను ఒకే చిరునామా వెనక నిలబెడుతున్నాయి. లోపల్నుంచి బయటికి పోవచ్చు, బయట్నుంచి మన గుమ్మం వెతుక్కుంటూ ఎవరూ రాలేరు. కొత్త రకం, అంటే ఐపీవీ6, మన దేశంలో బాగానే పాకింది కాబట్టి దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేశాం. ఇది 2020లో లినక్సు కెర్నెల్‌లోకి చేరిన చిన్న, చదవదగ్గ కోడ్. ఆ సొరంగం తప్ప బయటి ప్రపంచానికి ఇంకే తలుపూ తెరవలేదు. సొంత సర్వర్ మోజులో ప్రతి పోర్టూ తెరిచి పెట్టేవాళ్ల కంటే గూగుల్‌ను నమ్ముకున్నవాళ్లే క్షేమంగా ఉంటారు, ఇది పెద్ద కంపెనీల మీద నా అనుమానాలన్నీ ఉంచుకునే చెబుతున్నాను.

డబ్బు ఆదా అవుతుందని ఎవరికీ చెప్పను. డిస్కులు, కేబుళ్లు, ఆదివారాలు లెక్కేస్తే క్లౌడు చందానే చౌక కావచ్చు. ఇంకో లోటు అంతకన్నా పెద్దది. ఇంట్లో ఒక్కడికే తెలిసిన యంత్రం, ఆ ఒక్కడూ మంచాన పడితే ఇనుప సామానే. అందుకని ఎక్కడ ఏముందో, పాస్‌వర్డులేమిటో తమిళంలో రెండు పేజీలు రాసి బీరువాలో నగల పక్కన పెట్టాను. ఇంట్లో వాళ్లు నేను లేనప్పుడు ఆ కాగితం చూసి మదురై నుంచి ఒక ఫోల్డరు వెనక్కి తెప్పించుకున్నారు కూడా.

ఒక్క ఈమెయిలు మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు, పెట్టుకోమని ఎవరికీ చెప్పను. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ చిరునామా నుంచి వెళ్లే ఉత్తరాన్ని పెద్ద మెయిలు కంపెనీలు స్పామ్ అని పక్కన పడేస్తాయి, బ్యాంకు పంపిన ఓటీపీ రావలసిన సమయానికి నెట్ పోయి ఉంటుంది. దానికి ఒక కంపెనీకి ఏటా డబ్బు కడుతున్నాను. కాకపోతే డొమైన్ పేరు నాది. ఆ కంపెనీ రేటు పెంచినా, షరతులు మార్చినా, చిరునామా అలాగే ఉంచుకుని ఇంకో కంపెనీకి మారిపోవచ్చు.