‘పెన్నేటి పాట’ వెలుగులో కరువు నివారణ: సంస్థల సమన్వయంపై విమర్శ

రాయలసీమ కరువును వస్తువుగా స్వీకరించిన కావ్యాల్లో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ ప్రముఖమైనది. అనంతపురం జిల్లా తరిమెలలో 1915లో జన్మించిన విశ్వం, పెన్నా తీరంలో చితికిపోయిన రంగన్న, గంగమ్మల బతుకును 1950వ దశకంలో కావ్యంగా మలిచారు. కలిగిన ఇంట పుట్టిన రంగన్న కూలీగా మారతాడు. ఇక్కడ కరువు తీవ్రతను తెలిపేది వర్షపాతపు లెక్క కాదు, ఒక ఇంటి ఆకలి. కరువు నివారణకు పలు సంస్థలు కలిసి చేసిన కృషిని అంచనా వేయడానికి ఈ దృష్టి ఒక ప్రమాణాన్ని అందిస్తుంది. సమన్వయాన్ని కొలవవలసిన చోటు కార్యాలయం కాదు, గడప.

1995-96లో చేపట్టిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఈ ప్రమాణానికి చాలావరకు నిలుస్తుంది. ట్రస్టు నిధులు, ప్రభుత్వ సహకారం, ఎల్ అండ్ టీ నిర్మాణ సామర్థ్యం కలిసి 700కు పైగా గ్రామాలకు నీటిని చేర్చాయి. ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టంగా ఉండటమే ఈ విజయానికి మూలం. అయితే గొట్టాలు వేయడంతో సమన్వయం ముగియదు. జలాశయంలో నిల్వ, విద్యుత్తు, పంపుల మరమ్మతు, సిబ్బంది వేతనం - వీటిలో ఏ ఒక్కటి ఆగినా కుళాయి ఆగుతుంది.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. కూలికి వలసపోవలసిన కుటుంబానికి సొంత ఊరిలోనే పని దొరకడం దీని ఆశయం. సామాజిక తనిఖీ దీనిలోని విశిష్ట అంశం. మస్టరు రోలులోని పేర్లను, చెల్లింపులను ఊరి ఎదుట చదివి వినిపించినప్పుడు, కాగితం చెప్పినదానిని కూలీ నిజమనవచ్చు, కాదనవచ్చు. సంస్థల లెక్కకు గడప నుంచి సమాధానం వచ్చే మార్గం ఇదే.

వేరుశనగ రైతు విషయంలో మాత్రం ఆ మార్గం ఇంకా ఇరుకుగానే ఉంది. వాన తప్పిన ఏడాది విత్తన రాయితీ వ్యవసాయ శాఖ నుంచి, రుణం బ్యాంకు నుంచి, పరిహారం బీమా సంస్థ నుంచి, పశుగ్రాసం మరొక శాఖ నుంచి రావాలి. ఒక్కొక్క చోట ఒక్కొక్క దరఖాస్తు, ఒక్కొక్క గడువు. వీటన్నిటి మధ్య తిరిగే రైతే చివరికి సమన్వయకర్త అవుతున్నాడు. ఏ శాఖకు ఆ శాఖ తన పని పూర్తయిందని నివేదించినా, ఆ ఇంటి కరువు తీరకపోవచ్చు.

2022లో ఉమ్మడి అనంతపురం రెండు జిల్లాలైంది. పరిపాలనకు హద్దులు మారాయి గాని పెన్నా పరీవాహకానికి మారలేదు. కనుక సహకారానికి ప్రాతిపదిక జిల్లా పటం కాక, ఒక కుటుంబానికి నీరు, పని, పంట, అప్పు కలిసే స్థానం కావాలి. సామాజిక తనిఖీని ఉపాధి పనులకే పరిమితం చేయక బీమాకు, విత్తనానికి, రుణానికి కూడా విస్తరింపజేయడం ఆ దిశలో సాధ్యమైన తొలి అడుగు.