చిత్రపుటంచుల చీకటి

వీడియో చిత్రములందు మూలలను చీకటి చేసి, నడిమి భాగమును మాత్రము వెలుగులో నుంచు పద్ధతి నేడు మిక్కిలి వ్యాపించినది. దీనిని విన్యెట్ అందురు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు చిన్న ద్రాక్షతీగ అని అర్థము. పూర్వము పుస్తకములలో అధ్యాయముల మొదటను చివరను వేయు తీగల బొమ్మలకు ఈ పేరుండెడిది. పిమ్మట అంచులు కాగితములో కలిసిపోవునట్లు అచ్చొత్తిన ఛాయాచిత్రములకును అదియే పేరైనది. ఇప్పుడు పెండ్లి వీడియోలు మొదలుకొని పాఠశాల వార్షికోత్సవముల వీడియోల వరకు ఈ చీకటి అంచు కనబడుచునే యున్నది. అది ఎక్కడ తగును, ఎక్కడ తగదు అని నిర్ణయించుటకు ముందు దాని పుట్టుక తెలియవలెను.

మొదట ఇది అలంకారము కాదు, కటకపు లోపము. సూటిగా వచ్చు కాంతికంటె ఏటవాలుగా వచ్చు కాంతి కెమేరాలో తక్కువ బలముతో పడును. ఏటవాలుగా చూచినపుడు రంధ్రము గుండ్రముగా గాక సన్నగిలి కనబడును. ఇందువలన ఒక కొసైను. మూలకు పోవు కిరణము ఎక్కువ దూరము పోవలెను; దూరపు వర్గమునకు విలోమముగా కాంతి తగ్గును గనుక మరి రెండు కొసైనులు. ఆ కిరణము వాలుగా పడి ఎక్కువ చోటున పరచుకొనును, ఇది నాల్గవది. నాలుగింటిని గుణించినచో, కాంతి ఆ కోణపు కొసైను యొక్క నాల్గవ ఘాతము ననుసరించి తగ్గునని తేలును. 20 డిగ్రీల కోణమున నడిమి కాంతిలో 78 శాతము, 30 డిగ్రీల వద్ద 56 శాతము, 45 డిగ్రీల వద్ద 25 శాతము మాత్రమే మిగులును. సూదిబెజ్జపు కెమేరాతో విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. నేటి కటకముల నిర్మాణములో ఈ తరుగును చాలవరకు సరిచేయుదురు.

ఈ లోపమును మొదట పనికి తెచ్చుకొన్నవారిలో మూకీ చిత్రకారులు ముఖ్యులు. అమెరికాలో గ్రిఫిత్ చిత్రములకు ఛాయాగ్రాహకుడైన బిట్జరు తెర మూలలను నల్లబరచి, ప్రేక్షకుని చూపును ఒక ముఖమువైపు నడిపించెను. మాటలు లేని కాలమున అది వ్రేలుపెట్టి చూపుటతో సమానము. ముసుగుల విద్య తెలుగు చిత్రములకును కొత్తది కాదు. 1961లో వచ్చిన 'సీతారామ కళ్యాణం'లో రావణుని పది తలలను చూపుటకు రవికాంత్ నగాయిచ్ ముసుగుల నాశ్రయించెను. నల్లని ముసుగు నడ్డుపెట్టి ఫిల్ములో ఒక భాగమునకే కాంతి తగులనిచ్చి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, ముసుగు మార్చి, మిగిలిన భాగమును నింపుట ఈ విద్యలోని మర్మము. ముసుగు వెంట్రుకవాసి జరిగినను అతుకు బయటపడును. కనుకనే ప్రతి ముసుగునకును ఒక కారణముండెడిది. కారణము లేని శ్రమ ఎవరును పడరు.

నేడు ఆ శ్రమ లేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, నాట్రాన్, బ్లెండర్ మొదలగు సాఫ్ట్‌వేరులలో ముసుగు నల్లకాగితము కాదు, సంఖ్యల పట్టిక. ప్రతి పిక్సెలునకు 0 నుండి 1 వరకు ఒక విలువ యుండును. చిత్రముపై నల్లని పొర నొకటి పరచి, అందులో దీర్ఘవృత్తాకారపు కంత చేసి, దాని అంచును ఫెదర్ అను సాధనముతో మెత్తపరచి, పొర గాఢతను తగ్గించుట సాధారణ క్రమము. నిమిషములో ముగియు పనియే. అయినను ఇందు తరచుగా రెండు పొరపాట్లు జరుగుచున్నవి.

మొదటిది లెక్కలోని పొరపాటు. వీడియోలోని సంఖ్య కాంతికి అనుపాతముగా నుండదు. తెరపై కాంతి ఆ సంఖ్య యొక్క సుమారు 2.2వ ఘాతము ననుసరించును. కనుక సంఖ్యను సగము చేసినచో కాంతి సగము కాదు. సుమారు 22 శాతమునకు పడిపోవును. నిజముగా సగము కావలెనన్న సంఖ్యను 0.73తో గుణింపవలెను. ఇది యెరుగనివారు మూలలను మసక చేయబోయి మసి చేయుదురు. రెండవది మెట్లు పడుట. 8 బిట్ల చిత్రమున ఒక్కొక్క రంగునకు 256 మెట్లే యుండును. మూలవైపు 600 పిక్సెళ్ళ దూరములో విలువ 60 నుండి 30కి దిగినచో మెట్లు 30. ఒక్కొక్కటి 20 పిక్సెళ్ళ వెడల్పు. సాయంకాలపు ఆకాశముపైనను సున్నపు గోడపైనను ఇవి వలయములుగా కనబడును. 16 బిట్లలో పనిచేసి, చివర స్వల్పముగా రేణువుల పొర కలిపినచో ఈ దోషము చాలవరకు పోవును.

ఇవి చేతిపనిలోని దోషములు; అభ్యాసముచే తొలగును. వీనికంటె పెద్దది ఆలోచనలోని దోషము. తెలుగువారందరు ఎరిగిన ఉదాహరణము 1957 నాటి 'మాయాబజార్'. అందులో పడవపాటలోని వెన్నెలను మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణము చిరస్మరణీయము చేసినది. అక్కడి వెలుగునకును నీడకును కథలోనే కారణము కలదు. అది రాత్రి, అవి వెన్నెల, ఆ ముఖములు ప్రేమికులవి. చీకటి దృశ్యములోనుండి పుట్టినది గాని, పైనుండి అతికినది కాదు.

ఆ చిత్ర దర్శకుడు కె.వి. రెడ్డి పుట్టిన తాడిపత్రికి ఎగువన, అదే పెన్న ఒడ్డున పామిడి యున్నది. భోగేశ్వరస్వామి ఆలయమును, బట్టల వ్యాపారమును ఈ ఊరికి పేరు తెచ్చినవి. జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఏటిలో నీటికంటె ఇసుక కనబడు దినములే ఎక్కువ. వేసవిలో ఒక విద్యార్థి బృందము ఇక్కడి ఏటిని వీడియో తీసినదని ఊహింపుడు. నడుమ ఒక స్త్రీ చెలమలో నీరు తోడుచున్నది. చుట్టును ఇసుక, దూరమున గట్టు, ఒక మూల ఎండిన కంప, మరియొక మూల ఖాళీ బిందెల వరుస. దీనికి విన్యెట్ తగిలించినచో చిత్రము వెంటనే అందగించును. చూపు ఆ స్త్రీ ముఖముపై నిలుచును. కాని బిందెల వరుస మాయమగును, ఏటి వెడల్పు మాయమగును. ఊరి దప్పిక ఒక మనిషి దప్పికగా కుదించుకొనిపోవును. కరవును గూర్చిన సాక్ష్యము సాధారణముగా నడుమ నుండదు; అంచులలోనే యుండును.

కాంతిశాస్త్రమును ఆ చీకటిని సమర్థింపదు. పామిడి అక్షాంశము సుమారు 15 డిగ్రీల ఉత్తరము. మే మొదటి దినములలోను, ఆగస్టు రెండవ వారములోను మధ్యాహ్న సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును. ఆ వేళ ఏటియిసుక అంతటను ఒకే తీరున వెలుగుచుండును. అట్టి నేలకు నాలుగు మూలలను చీకటి పూయుట, లేని నీడను కల్పించుటయే.

ఖగోళశాస్త్రజ్ఞులు దీనికి సరిగా వ్యతిరేకమైన పని చేయుదురు. సంధ్యవేళ సమముగా వెలుగు ఆకాశమును దూరదర్శినితో చిత్రించి, తమ పరికరము మూలలలో ఎంత కాంతి పోగొట్టుచున్నదో తెలిసికొని, నక్షత్ర చిత్రమును దానితో భాగింతురు. మూలనున్న నక్షత్రమునకు దాని కాంతి దానికి తిరిగి వచ్చును. కళాకారుడు గుణించుచోట శాస్త్రజ్ఞుడు భాగించును. గణితము ఒక్కటే, ఉద్దేశము వేరు. కొలతకో, సాక్ష్యమునకో తీసిన చిత్రము రెండవ మార్గమునకు చెందినది.

ఇంతమాత్రమున విన్యెట్‌ను బహిష్కరింపనక్కరలేదు. దీపము వెలుగున చదువుకొను పిల్ల, గర్భగుడిలోని హారతి, కమ్మరి కొలిమి – ఇట్టివానిలో వెలుగు సహజముగనే నడుమ నుండి బయలుదేరును. అక్కడ ముసుగు కంటికి సాయము చేయును. అప్పుడు దీర్ఘవృత్తమును తెర నడుమ గాక వెలుగు మూలము చుట్టును నిలుపవలెను; వెలుగు కదలినచో ముసుగును దానితో కదలింపవలెను. ముసుగు ఉన్నట్లు ప్రేక్షకుడు గుర్తించెనా, దాని గాఢత ఎక్కువైనదని తెలిసికొనవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పరీక్ష పెట్టవచ్చును. ఒకే వీడియోను విన్యెట్‌తోను, లేకుండను వేర్వేరు బృందములకు చూపి, చూచిన వస్తువులను వ్రాయుమనవలెను. రెండు పట్టికలను పోల్చి, చీకటి మ్రింగిన వస్తువు లేవో గుర్తించి, అవి లేకున్నను చెప్పదలచిన విషయము నిలుచునా అని పిల్లలనే అడుగవలెను. నిలిచినచో ముసుగు ఉండనిండు, నిలువనిచో తీసివేయుడు.