విజితుల యశము: పొలవాస ప్రభువులును మేడారపు గాథయు

ఓడిపోయిన రాజులయెడ జనులకుఁ గల యాదరము విచిత్రమైనది. గెలిచినవాని గుడియు, కోటయు, శాసనమును గన్నులయెదుట నిలిచియుండఁగా, ఏమియు మిగుల్పక పోయినవాని పేరు జనుల నోట నిలుచుచున్నది. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములందును, వాని ప్రక్కనున్న ములుగు నడవులందును ఇందులకుఁ జక్కని దృష్టాంతములు గలవు. ఈ కథలను గూర్చి విద్వాంసులు రెండు విధములుగాఁ బలుకుట వినుచున్నాము. కాలనిర్ణయమునకు నిలువవు గనుక నివి పుక్కిటి పురాణములని కొందఱు త్రోసివేయుదురు. ఇవియే చరిత్రమని మఱికొందఱు బాలురకు యథాతథముగా బోధింతురు. ఇరువురును కథకు నన్యాయమే చేయుచున్నారని నా యభిప్రాయము. శాసనములను గాథలను ప్రక్కప్రక్కన నుంచి యా యన్యాయ మెట్టిదో చూపుటకు యత్నింతును.

ముందుగా విజేతల వాక్యమును విందము. హనుమకొండ వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని సంస్కృత శాసనము శాలివాహన శకము 1084, అనఁగా క్రీ. శ. 1163 నాఁటిది. రచించినవాఁడు అచింతేంద్రుఁడు. కల్యాణ చాళుక్యులకు సామంతులైన కాకతీయులు స్వతంత్రులైన వృత్తాంతము మనకు ముఖ్యముగా దీనివలననే తెలియుచున్నది. ఇందు విజితుల పేరులు పెక్కులు గలవు. రుద్రదేవుని తండ్రి రెండవ ప్రోలరాజు మంత్రకూటాధీశుఁడైన గుండని తల గొఱిగించి, ఱొమ్మున వరాహముద్ర వేయించి చంపించెనట. ఈ మంత్రకూటము గోదావరీ తీరమందలి మంథెనయే యని పలువురు తలఁచిరి. రుద్రదేవుఁడు దొమ్మని గెలిచెను. మేదని గర్వ మడఁచెను. మైళిగిదేవుని జయించి పొలవాస దేశమును గైకొనెను. చాళుక్య చక్రవర్తియైన తైలపుఁడు రుద్రుని భయముచే నతిసారము తగిలి మరణించెనని కూడఁ జెప్పఁబడినది.

ప్రశస్తికారుని పద్ధతి నించుక గమనింపుఁడు. అతనికి విజితుని పేరు కావలయును. ఏలయన శత్రువు పేరు లేనిదే జయమునకు సాక్ష్యము లేదు. కాని యా పేరునకు మించి యతఁ డేమియు మిగులనీయఁడు. శత్రువునకు భార్యాబిడ్డలు లేరు. యుద్ధమునకు వచ్చుటకుఁ గారణము లేదు. చావునందైనను గౌరవము లేదు. ఒకనికి క్షౌరము, ఒకనికి నతిసారము. పొలవాస రాజులకు నీ శాసనమున దక్కినవి పేరును, ఓటమియు మాత్రమే.

పొలవాస యనునది జగిత్యాలకు సమీపమందలి నేఁటి పొలాస గ్రామము. 2016 లో జగిత్యాల జిల్లా యేర్పడువఱకు నది కరీంనగరపు జిల్లాలోనిదే. ఆ ప్రభువులు స్వయముగాఁ బలికిన పలుకులును మనకు దొరకకపోలేదు. హనుమకొండ పద్మాక్షిగుట్టమీఁది క్రీ. శ. 1117 నాఁటి జైన శాసనమున ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ బసది కట్టించిన విషయము గలదు. ఆ బసదికి భూదానము చేసినవారిలో ఉగ్రవాడి యధిపతియైన మేళరసుఁ డొకఁడు. ఇతఁడు పొలవాస వంశమువాఁడని చరిత్రకారులు భావించిరి. ఎనిమిదివేల యేనుఁగులు, పదికోట్ల గుఱ్ఱములు, లెక్కకు మిక్కిలియైన కాల్బలము గల మాధవవర్మ వంశమునఁ దాను బుట్టితినని యతఁడు చెప్పుకొన్నాఁడు. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. 1117 లో నీ ప్రభువు కాకతీయ మంత్రి భార్య కట్టించిన బసదికి నేల యిచ్చునంతటి పొరుగువాఁడు. అర్ధశతాబ్దము గడవక మునుపే యా వంశము గర్వమడఁగింపఁబడిన శత్రువంశమయ్యెను. ఇఁక రెండవది: గెలిచియుండినయెడల పొలవాసవారును కాకతీయులవలెనే ప్రశస్తి వ్రాయించుకొని యుందురు. వారి భాషయు నీ భాషయే. ఓడినవాఁడు గావున సాధువని తలఁచుట కిచ్చట నాధారము లేదు.

ఇప్పుడు మేడారపు గాథకు వత్తము. ప్రసిద్ధమే యైనను విమర్శకుఁ గావలసినంత సంగ్రహింతును. పొలవాస దొరయైన మేడరాజు వేఁటకుఁ బోయి యడవిలో పులుల నడుమ నాడుకొనుచున్న యాఁడుశిశువును గని, తెచ్చి పెంచి, సమ్మక్క యని పేరిడి, మేనల్లుఁడును మేడారపు పాలకుఁడును నగు పగిడిద్దరాజున కిచ్చి పెండ్లిచేసెను. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న యని మువ్వురు బిడ్డలు. కాకతీయ ప్రభువు పొలవాసమీఁదికి దండెత్తఁగా మేడరాజు మేడారమునకు వచ్చి తలదాఁచుకొనెను. కఱవువలనఁ గప్పము గట్టలేకయు, శరణన్నవానిని విడువఁజాలకయు నుండిన పగిడిద్దరాజుపై కాకతీయ సైన్యము మాఘశుద్ధ పూర్ణిమనాఁడు వచ్చి పడెను. పగిడిద్దరాజు, కూఁతుండ్రు, సారలమ్మ భర్తయగు గోవిందరాజు పోరి మడిసిరి. ఆ వార్త విని జంపన్న సంపెంగవాఁగులోఁ బడి ప్రాణము విడిచెను. నాఁటినుండి యది జంపన్నవాఁగు. సమ్మక్క పోరాడి, గాయపడి, చిలుకలగుట్టవైపు పోయి కనుమఱుఁగయ్యెను. వెదకఁబోయినవారికిఁ గుంకుమభరిణ దొరకెను.

ప్రశస్తి దేనిని హరించెనో సరిగా దానినే యీ గాథ విజితునకుఁ దిరిగి యిచ్చుచున్నదని పఠితలు గ్రహించియుందురు. ఇచ్చట నతనికి నిల్లున్నది, మేనఱిక మున్నది, కప్పము గట్టకపోవుటకుఁ గారణ మున్నది, ప్రతిమనుష్యునకు వేఱువేఱు మరణ మున్నది. అయినను గాథ యోటమిని దాఁచలేదు. రాజ్యము పోయినది, పగిడిద్దరాజు తిరిగి రాలేదు, జంపన్న వాఁగునుండి లేవలేదు. రాజునకుఁ బ్రథమస్థానము సైతము దక్కలేదు. రెండేండ్లకొకసారి జరుగు జాతరలో పగిడిద్దరాజు పూనుగొండ్లనుండియు, గోవిందరాజు కొండాయినుండియు, సారలమ్మ కన్నెపల్లినుండియు గద్దెలకు వత్తురు. పిదపఁ గోయ పూజారులు చిలుకలగుట్టనుండి సమ్మక్కను దోడితెత్తురు. చెదరిపోయిన కుటుంబము నాలుగు తావులనుండి మరలఁ గూడుటయే యుత్సవము. విగ్రహము లేదు, జనులు తమ యెత్తు బెల్లమును 'బంగార'మని సమర్పింతురు. ఈ జాతర మేడారముతో నాఁగిపోలేదు. కరీంనగరము చెంతనున్న రేకుర్తిలోను, గోదావరిఖనిలోను జరుగుచునే యున్నది. మేడరాజు నేలకు నతని పెంపుడు బిడ్డ యీ విధముగా మరలివచ్చినదనవచ్చును.

ఇఁక పాఠవిమర్శనము. అచ్చుపడి ప్రచారమందున్న పెక్కు ప్రతులలో దండెత్తినవాఁడు 'మొదటి ప్రతాపరుద్రుఁ'డని యున్నది. రాజులకు మొదటి, రెండవ యని సంఖ్య లిడుట యాధునిక చరిత్రకారుల యాచారము. గద్దెయొద్ద మ్రొక్కుకొను ముసలమ్మ మాట కాదు. మేడరాజు పండ్రెండవ శతాబ్దమువాఁడు. ప్రఖ్యాతుఁడైన ప్రతాపరుద్రుఁడు 1289 మొదలు 1323 వఱకు నేలినవాఁడు. ఈ వ్యత్యాసమును గనిపెట్టిన చదువరి యెవ్వఁడో, రుద్రదేవునికిఁ గూడఁ బ్రతాపరుద్రనామము చెల్లునను నాధారముతో, 'మొదటి' యను పదమును జేర్చి కథను సవరించెనని నాకుఁ దోఁచుచున్నది. ఆ ప్రతులలోనే ప్రతాపరుద్రుని మంత్రి పేరు యుగంధరుఁడు. ఆ పేరు రెండవ ప్రతాపరుద్రుని కథాచక్రములోనిది. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము (1897) దానిని దేశమంతట వ్యాపింపఁజేసినది. సవరించినవాఁడు రాజును సవరించి మంత్రిని మఱచెను. ఇట్టి సవరణలవలనఁ గథ చరిత్రము కానేరదు; మూలపాఠ మెట్టిదో తెలిసికొను నవకాశము మాత్రము పోవును.

ఈ గాథ సంవత్సరమును మఱచినది గాని తిథిని మఱవలేదు. శాసనము శకసంవత్సరముతోఁ దన సత్యమును స్థాపించును. గాథ మాఘశుద్ధ పూర్ణిమను బట్టుకొని యున్నది. ఇది యజ్ఞానమువలనఁ గలిగినది కాదనుటకు మన కాలమునకు సమీపమైన నిదర్శన మొకటి యాదిలాబాదు నడవులలోనే కలదు. కొమరం భీము 1940 లో జోడెఘాటు కొండలలో నిజాము ప్రభుత్వపు బలగములతోఁ బోరి కూలెను. అతఁడు రాజు గాఁడు. కాని గోండుల రాజ్యము పోయిన యడవిలో, 1751 లో చాందా మరాఠాల పాలైన పిదప, తమవారి యేలుబడిని గోరి నిలిచిన నాయకుఁడు. గోండులతనిని స్మరించుటకు జోడెఘాటున నాశ్వయుజ పూర్ణిమనాఁడు గూడుదురు. సంవత్సర మందఱకుఁ దెలిసినదే. అయినను వారికిఁ గావలసినది తిథి. మన యిండ్లలోఁ దద్దినము పెట్టువారును తండ్రి పోయిన సంవత్సరము నడిగినఁ దడుముకొందురు గాని తిథిని దడుముకొనరు. కూలిన నాయకుని జనులు తమ యింటి మృతునిగా స్వీకరించిరనుటకు నిదియే గుఱుతు. ప్రధానులు కీకిరి వాయించుచు గోండుల పూర్వవీరులను గానము చేయుటయు నీ కోవలోనిదే. 1948 నాఁటి గ్రంథమున హైమెండార్ఫు దానిని వివరించియున్నాఁడు.

మేడారమున దండెత్తినవాఁడుగాఁ గనఁబడు ప్రతాపరుద్రుఁడే మఱియొకచోట విజితుఁడు. 1323 లో నోరుగల్లు ఢిల్లీసేనల వశమయ్యెను. విలస తామ్రశాసనము ఢిల్లీకిఁ గొనిపోఁబడు త్రోవలో నర్మదా తీరమున నతఁడు మరణించెనని చెప్పుచున్నది. 1423 నాఁటి కలువచేరు శాసనము తన యిచ్ఛచేతనే దివి కేఁగెనని పలుకును. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రమున నతఁడు శివాంశ సంభూతుఁడని తెలియవచ్చి, చెఱ విడిపింపఁబడి తిరిగివచ్చును. వేదమువారి నాటకమున యుగంధరుఁడు బుద్ధిబలమున రాజును విడిపించి, సుల్తానునే పట్టి తెచ్చును. కాలము గడచినకొలఁది రాజు మరణము మొదట స్వచ్ఛందమై, తరువాత లేకయే పోయి, తుదకు జయముగా మాఱినది.

ఈ రెండు సంప్రదాయములలో మేడారపు గాథయే యుత్తమమని నేను నిస్సంశయముగాఁ జెప్పుదును. ప్రతాపరుద్ర కథలు విజితుని బ్రేమించి, యా ప్రేమచేతనే యతని యోటమిని సహింపలేకపోయినవి. అందుచేఁ జదువరికి దుఃఖమునకు బదులు సంతృప్తి దొరకును. మేడారపు గాథలో సమ్మక్క దేవత యగుటయు నట్టి పరిహారమే గదా యని యాక్షేపింపవచ్చును. కాని యామె దైవత్వము పోయిన దేనిని దిరిగి యీయలేదు. కప్పము మన్నింపఁబడలేదు, రాజ్యము రాలేదు, బిడ్డలు బ్రదుకలేదు. దేవతయైన తరువాతఁ గూడ నామె భర్తయు బిడ్డయు వేఱువేఱు గ్రామములనుండియే రావలసియున్నది. ఆ యెడబాటు కథయందుఁ జెదరక నిలిచినది.

విదేశీయ వాఙ్మయమును జూచినను నీ తారతమ్యమే కనఁబడును. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునఁ బ్రాచీనాంగ్లభాష బోధించిన టోల్కీను (1892–1973) బేవుల్ఫు కావ్యమును గూర్చి 1936 లో నుపన్యసించుచు, ఉత్తరదేశపు వీరగాథలలో నోడుట తప్పునకు గుఱుతు గాదని వివరించెను. అతని మరణానంతరము 1977 లో వెలువడిన సిల్మరిలియను గ్రంథమున 'ఎల్ఫు'లను దివ్యజాతి రాజులు వరుసగాఁ గూలుదురు. వారిలో ఫింగోల్ఫిను దుష్టదేవతయైన మోర్గోతును కోటవాకిటఁ దానొక్కఁడే ద్వంద్వమునకుఁ బిలిచి, యేడు గాయములు చేసి, పాదమును నఱికి, తానును గూలెను. మోర్గోతు నాఁటినుండి కుంటివాఁడు. మన పట్టణములందలి విద్యార్థులు సైత మీ కథలను మిక్కిలి మక్కువతోఁ జదివి, గెలిచిన రాజులకంటెఁ గూలినవారినే తలఁచుకొనుచున్నారు. వారి యాదరమును బరిహసింపఁ బనిలేదు. ఆ కథకుఁడును రాజును బ్రదికింపలేదు, గాయమును మాన్పలేదు. వారిని గట్టివైచినది యదియే. అట్టి గాథ తమ యూరి వాఁగు పేరులోనే యున్నదని యా విద్యార్థులకుఁ జూపుట బోధకుల విధి.

చూపునప్పు డొక్క జాగ్రత్త యవసరము. విజితునియెడఁ గల ప్రేమ యతని దోషములను గప్పివేయును. పొలవాస ప్రభువులు పదికోట్ల గుఱ్ఱముల వంశమును జెప్పుకొన్న రాజులే గాని, కాకతీయ గర్వమునకు బలియైన యమాయకులని శాసనములు చెప్పుటలేదు. ఆ పేరును గాథ తన కనువుగా మలఁచుకొన్నది. గాథలోని సత్యము వేఱు: కఱవునాఁడు కప్ప మడిగినవాని నడవి మన్నింపలేదు. ఆ తీర్పునకు శకసంవత్సర మక్కఱలేదు.

పాఠశాలల పండితులకు నా విన్నప మిది. జగిత్యాల, మంథెన, ములుగు, ఉట్నూరు ప్రాంతములలో నీ కథలను జెప్పువా రింకను గలరు. వారు చెప్పినది చెప్పినట్లు, గ్రామము పేరు, చెప్పిన దినము గుర్తించి, వ్రాసికొనుఁడు. రాజుల సంఖ్యలు సరిదిద్దకుఁడు; పొసఁగని పేరులను బొసఁగింపకుఁడు. రెండు గ్రామముల కథలు విరోధించినచో రెంటిని నిలుపుఁడు. శాసనమున చెక్కిన యక్షరమును మన కిష్టమువచ్చినట్లు మార్పుటకు సాహసింపము గదా. విజితునకు మిగిలిన శాసనము జనుల నోరొక్కటియే గావున, దానియెడలను నా మర్యాదయే చెల్లవలయును.