నెల చెప్పే బండలు

వన్యప్రాణి ఫొటో కింద తేదీ చెరిపేసి చూడండి. అది ఎండాకాలమో, వానలు పడ్డాకో, చలి ముదిరాకో తెలుస్తోందా? తెలిస్తే తీసినవాడికి పని వచ్చినట్టే. మేడ్చల్, శామీర్‌పేట గుట్టల్లో కెమెరా పట్టుకు తిరిగేవాళ్ల మంచి బొమ్మలు ఈ పరీక్షకు నిలబడతాయి. ఇక్కడ పులి లేదు, మంచు చిరుత అసలే లేదు. ఉన్నవల్లా దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు బండలు, వాటి సందుల్లో బతికే కొమ్ముల గుడ్లగూబ, రాతి తొండ, ముంగిస.

గుడ్లగూబతోనే మొదలుపెడదాం. ఇది పుల్లలతో గూడు కట్టదు. బండ అరుగు మీదో, రాతి నీడలోనో నేల మీదే గుడ్లు పెడుతుంది. ఒంటి రంగు చుట్టూ ఉన్న మట్టిలో, రాతిలో కలిసిపోతుంది. ఎండకు తెల్లబారిన బండ ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా మీటరు మోసపోయి మొత్తం బొమ్మను చీకటి చేస్తుంది. పక్షి ముఖం మసకేసి నారింజ కళ్లు రెండే మిగులుతాయి. చేయి తిరిగినవాళ్లు ఎక్స్‌పోజర్‌ను అర స్టాపో, ఒక స్టాపో పెంచుతారు. అలా పెంచితే వెనక ఆకాశం సున్నంలా తెల్లబడుతుంది. అందుకే ముందే పక్కకు జరిగి, పక్షి వెనకాల ఇంకో బండ వచ్చే చోటు చూసుకుని కూర్చుంటారు. చూసేవాళ్లకు గుడ్లగూబే కనిపిస్తుంది కానీ అసలు పనితనం ఆ వెనక బండను ఎంచుకోవడంలో ఉంది. పిల్లలున్న చోట ఫ్లాష్ వాడకుండా, తల్లి లేచిపోనంత దూరంలో ఉండటం కూడా ఆ పనితనంలో భాగమే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పొద్దు కాస్త ఎక్కగానే బండ మీది గాలి అల్లాడుతుంది. ఎన్ని లక్షల లెన్సు పెట్టినా దూరపు ఈకలు పదునుగా రావు. ఫొటో తీసేవాళ్లు తెల్లవారుజామునే పని ముగించుకుంటారు. వీడియో తీసేవాళ్లలో తెలివైనవాళ్లు మాత్రం ఆ అల్లాడే గాలినే ఫ్రేమ్‌లో ఉంచుతారు. మరిగే బండ, నీడలో నోరు కొద్దిగా తెరిచి గొంతు ఆడిస్తూ ఒళ్లు చల్లబరుచుకునే గుడ్లగూబ. వ్యాఖ్యానం ఒక్క ముక్క అక్కర్లేదు.

మృగశిర దాటి వానలు పడ్డాక బండ మీద నల్లటి నీటి చారలు, సందుల్లో పచ్చిక, సీతాఫలం కొమ్మలకు ఆకులు. అప్పుడు మగ రాతి తొండకు రంగులొస్తాయి. ఈ రంగు ఒకే తీరున ఉండదు. ఆడదాన్ని చూసినప్పుడు ఒక రంగు, పోటీకి వచ్చిన మగదాన్ని చూసినప్పుడు ఇంకో రంగు, అదీ క్షణాల్లో. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఈ మార్పులను లెక్కగట్టి చూపించారు. ఫొటోకు ఆ మార్పులో ఒక్క ముక్కే చిక్కుతుంది. వీడియోకు మొత్తం దొరుకుతుంది, మధ్యలో కట్ చేయకుండా ఉంటేనే. బండ మీద బోర్లా పడుకుని, కెమెరాను తొండ కంటి ఎత్తుకు దించి, అది తల ఆడించడం మొదలైనప్పటి నుంచి రంగు మారేదాకా ఒకే షాట్‌గా నడిపిన వీడియో చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. అంతసేపు చేయి కదలకపోవడం ఒక ఎత్తు, ఇంకో కోణం కోసం ఆశపడకపోవడం ఇంకో ఎత్తు.

చలికాలంలో కొండ జీవులే మన దగ్గరికి దిగి వస్తాయి. తెలంగాణ చెరువులకు వచ్చే పట్టెతల బాతులు హిమాలయాలు దాటే పక్షులు. అవి 7,000 మీటర్లకు పైన ఎగరడం పరికరాలతో నమోదైంది. లెన్సుతో బాతును దగ్గరగా లాగి, వెనకంతా మసక చేసి తీస్తే అది ఏ దేశపు చెరువైనా కావచ్చు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 11 దాకా మూసి, పక్షిని చిన్నగా ఉంచి, వెనకాల పొగమంచులో మన గుట్టల వరుస ఆనేలా తీస్తే మంచు కొండల పక్షి దక్కను రాయి పక్కకు వచ్చిందని తెలుస్తుంది.

పెద్ద చిత్రాల సంగతీ చూద్దాం. 2016లో వచ్చిన బీబీసీ సిరీస్ ‘ప్లానెట్ ఎర్త్ 2’ కోసం లడఖ్ కొండల్లో కెమెరా ట్రాపులు అమర్చి మంచు చిరుతలను చిత్రీకరించారు. అమోఘవర్ష, కల్యాణ్ వర్మ తీసిన డాక్యుమెంటరీ ‘వైల్డ్ కర్ణాటక’ 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో గెలిచింది. వాళ్లకున్న బలగం, డబ్బు ఇక్కడివాళ్లకు లేవు. కానీ మూలసూత్రం ఒక్కటే: జంతువు వెంట పరుగెత్తడం కాదు, అది ఎక్కడికి, ఏ కాలంలో వస్తుందో ముందే తెలిసి ఉండటం. ఆ తెలివిడి వెనక 1980లో ఏర్పడి, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా పిలిచే ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ లాంటివాళ్ల పరిశీలనల సాయం కూడా ఉంది.

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు అడవుల జాబితా రాసుకునే ముందు దగ్గరి గుట్ట ఒకటి ఎంచుకోవడం మేలు. ఒకే బండను అన్ని కార్తెల్లో తీయండి, దాని మీద ఏ జీవీ లేకపోయినా సరే. ఖాళీ బండను చూసి నెల చెప్పించగలిగినవాళ్లకు, జంతువు వచ్చి కూర్చున్న రోజున కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా మిగలదు.