మునకలో శాంతరసం

భద్రాచలం దగ్గర గోదారి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక పడ్డ రోజున కరకట్ట మీది జనమంతా నీటి వంకే చూస్తారు. నా చూపు మాత్రం నడుము దాకా మునిగిన ఏరుమద్ది మీదే నిలుస్తుంది. నున్నని తెల్లటి మాను, పొరలుగా ఊడే బెరడు, దాని చుట్టూ సుడి తిరిగే ఎర్రనీళ్లు! 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు పొంగిన ఏరు ఇది. ఈ చెట్టు ఇష్టపడేది ఇలాంటి ఏటి ఒడ్డునే.

వరద అనగానే మనకు వీరరసం తడుతుంది. ఎదురీదినవాడే నాయకుడనుకుంటాం. మునిగి బతికే ప్రాణుల్ని చూస్తే అసలు నాయకుడు ధీరశాంతుడని తెలుస్తుంది.

మునిగిన వేరుకు కరువయ్యేది ఊపిరి. ఆక్సిజన్ గాలిలోకంటే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి సందుల్లో ఉన్న కాస్తా త్వరలోనే అయిపోతుంది. అప్పుడు వేరు తన చక్కెరను పులియబెట్టుకుని బతకాలి. ఆ దారిలో దక్కే శక్తి మామూలుగా దక్కేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. గట్టు నేలల్లో రాజసంగా పెరిగే టేకు ఈ లేమికి ఓర్వలేదు, నిలవనీటిలో వేళ్లు చచ్చి ఎండిపోతుంది. వరదకోర్చే చెట్లు ఎదుగుదలను తగ్గించుకుంటాయి, ఆకుల రంధ్రాలు ముడుచుకుంటాయి. వాటిలో కొన్ని నీటి అంచున మాను మీదే కొత్త వేళ్లు తొడుగుతాయి. ఎంత పొదుపు, ఎంత ఔచిత్యం!

ఈ శాంతరసం పరాకాష్ఠకు చేరింది వరిలో. మునిగిన మామూలు వరి గాలి కోసం పైపైకి సాగుతుంది. దాచుకున్న చక్కెరంతా ఆ పరుగులోనే కరిగిపోతుంది. నీరు తీసేసరికి పైరు నీరసించి నేలకు ఒరుగుతుంది. గోదావరి డెల్టాలోని మార్టేరులో పుట్టి, 1982లో విడుదలైన స్వర్ణకూ ఇదే గతి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ అనే పాత వరిలో మాత్రం సబ్1ఎ అనే జన్యువు ఉంది. నీరు ముంచగానే అది మొక్కకు సాగవద్దని చెబుతుంది. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. సుమారు రెండు వారాలు మునిగినా కదలక మెదలక ఉండి, నీరు తీశాక దాచుకున్న బలంతో మళ్లీ చిగురిస్తుంది. చావు ముంచుకొచ్చిన వేళ ఎదగాలనే తహతహను అణచుకోవడం! శాంతానికి స్థాయీభావం శమమన్నారు ఆలంకారికులు. పచ్చని పైరులో ఆ శమం కంటికి కనిపిస్తుంది.

అయితే ఈ నిగ్రహానికి గడువుంది. నీరు బురదగా ఉండి వెలుగు అందకపోతే గడువు ఇంకా తగ్గుతుంది. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతాలుగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు చూస్తే ఈ మాట గుండెల్లో దిగుతుంది. తీసే వరదకు ఓర్చిన మద్దిమాను, ఎన్నటికీ తీయని నీటిలో ఓర్వలేదు. మునకలోని సౌందర్యమంతా నీరు వెనక్కి మళ్లుతుందన్న నమ్మకం మీద కట్టుకున్నదే. అందుకే ఏరుమద్దిని మెచ్చే రసికుడికి, పొంగి తీసే గోదారి లయను కాపాడాలన్న తపన కూడా ఉండి తీరాలి.