కెమెరా ‘మీరు’ అని పిలిచినప్పుడు

1926లో వచ్చిన ‘ప్రపంచంలో ఆరో వంతు’ అనే రష్యన్ మూకీ సినిమాను మేం కలిసి చూశాం. ప్రపంచ భూభాగంలో ఆరో వంతు సోవియట్ దేశానిది, అందుకే ఆ పేరు. తీసినవాడు జిగా వెర్తోవ్. 1918 నుంచి వార్తాచిత్రాలు కూర్చిన మనిషి. 1922-25 మధ్య ‘కినో ప్రావ్దా’ పేరుతో 23 వార్తాచిత్రాలు తెచ్చాడు. నటులొద్దు, కట్టుకథ వద్దు, బతుకును ఉన్నచోటే పట్టుకోవాలన్నాడు. అతని భార్య ఎలిజవేత స్విలోవా ఎడిటర్, తమ్ముడు మిఖాయిల్ కౌఫ్‌మన్ కెమెరామన్.

ఈ సినిమాకు డబ్బు పెట్టింది ‘గోస్తోర్గ్’ అనే ప్రభుత్వ వ్యాపార సంస్థ. ఆ సంగతి గుర్తుపెట్టుకునే చూడాలి. కెమెరాలు దేశం నలుమూలలకూ వెళ్లాయి. సముద్రపు అలల్లో గొర్రెల్ని కడిగేవాళ్లు, పచ్చి దుప్పిమాంసం తినేవాళ్లు, మంచులో వేటగాళ్లు కనిపిస్తారు. తెర మీది అక్షరాలు వాళ్లందర్నీ ‘మీరు’ అని పిలుస్తాయి. ఈ దేశ సంపదకు యజమానులు మీరే అంటాయి. నిజం చెప్పాలంటే ఆ పిలుపుకు మా ఒళ్లు పులకరించింది. అడవి మనుషుల్ని వింతజంతువుల్లా చూపే సినిమాలే ఎక్కువగా చూశాం మరి.

రెండోసారి చూసినప్పుడు వేరేవి కనిపించాయి. ఉత్తర సముద్రపు దీవిలో ఉన్నవాళ్లను సినిమా ‘సమోయెద్’లు అంటుంది. అది బయటివాళ్లు పెట్టిన పేరు. రష్యన్ చెవికి ‘తనను తానే తినేవాడు’ అన్నట్టు వినిపిస్తుంది. వాళ్లు తమను ‘నేనెత్స్’ అనుకుంటారు, అంటే మనిషి. కోయతూర్ అనే మాట ఎరిగిన మనకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏడాదికోసారి వ్యాపార సంస్థ ఓడ వస్తుంది. సరుకులు దిగుతాయి, తోళ్లు ఎక్కుతాయి. ఆ తోళ్లు జర్మనీలోని లైప్‌జిగ్ సంత దాకా పోతాయి. తోళ్లమ్మి యంత్రాలు కొంటారు, యంత్రాలతో దేశం ఎదుగుతుంది. స్విలోవా కత్తెర ఈ గొలుసును ఎంత చక్కగా అతికిందంటే, ఊపిరి బిగబట్టి చూస్తాం. కానీ ఎన్ని తోళ్లకు ఎంత సరుకిచ్చారో సినిమా చెప్పదు. సంతలో తరాజు ముల్లు వైపే చూస్తూ పెరిగిన మాకు ఆ లెక్కే కావాలనిపించింది. ‘మీరు’ అని పిలిపించుకున్న వేటగాడు తిరిగి ఒక్క మాట అనడు. మూకీ కదా అంటారేమో. అక్షరాలు ఉన్నాయిగా! అవన్నీ మాస్కో వాళ్లవే.

అయినా వెర్తోవ్‌ను పక్కన పెట్టమని మేం అనం. ఆ ముఖాలు నటించినవి కావు. వందేళ్ల తర్వాత కూడా మన కళ్లలోకి సూటిగా చూస్తాయి. టీచర్లు బడిలో చూపిస్తే రెండుసార్లు చూపించండి. రెండోసారి అక్షరాలు వచ్చే చోట తెరకు గుడ్డ కప్పి, అక్కడ ఏం రాయాలో పిల్లల్నే అడగండి.