ఊరి నడుమ నిరీక్షణ

నిరీక్షణా, నీ స్తుతి చుండూరులో మొదలుపెడతాను. 1991 ఆగస్టు 6. చాలా సంఘాల క్యాలెండర్‌లో అది రూపాంతర పండుగ. కొండమీద ప్రభువు ముఖం సూర్యునిలా ప్రకాశించిందని చదువుకునే రోజు. ఆ రోజే పెద్దకులాలవాళ్ళు మాలపల్లె మగవాళ్ళను పొలాలకు అడ్డంపడి తరిమారు. దొరికినవాళ్ళను దొరికినచోట నరికారు. ఎనిమిది మంది. కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. సినిమాహాల్లో కాలు తగిలిందని మొదలైన తగువంటారు. తగిలింది కాలు కాదులే, పల్లె కుర్రాడి చదువు!

కొండమీద పేతురు మూడు పర్ణశాలలు కడతానన్నాడు. ఆ వెలుగు విడిచి రాబుద్ధి కాలేదు పాపం. నువ్వు మాత్రం కొండ దిగి తెనాలి చర్చి ఆవరణకు వచ్చావు. తలదాచుకున్న తల్లుల పక్కన నేలమీద చతికిలబడ్డావు. వచ్చీ రాగానే వాక్యం ఎత్తుకోలేదు. ముందు ఏడవనిచ్చావు.

క్షమించేయండమ్మా, పరలోకంలో అంతా సరిపోతుందని తొందరపెట్టే ప్రసంగాల్లో నీ గొంతు నాకెప్పుడూ వినిపించలేదు. రామాలో రాహేలు పిల్లల కోసం ఏడ్చి ఓదార్పు వద్దంది. లేఖనం ఆమెను గద్దించలేదు. ఆ రాహేలుకు నువ్వు తోబుట్టువువి.

శవాలను ఊరవతలకు పోనివ్వలేదు నువ్వు. ఊరి నడిబొడ్డునే సమాధులు లేచాయి. ఆ చోటు రక్తక్షేత్రమైంది. మరణాన్ని గెలిచి లేచిన ప్రభువు చేతుల్లో కూడా మేకుల గుర్తులు మాసిపోలేదు కదా. తోమాను చూడమంటే చూడటానికి ఉండనే ఉన్నాయి.

అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం వదలని విధవరాలి కథ యేసు చెప్పాడు. ఆమె చుండూరు వచ్చి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించింది. పెద్దకులాల వీధుల మీదుగా నడిచి వెళ్ళి బోనెక్కింది, చూసింది చూసినట్టు చెప్పింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. అంటే ఆ ఎనిమిది మందినీ ఎవరూ చంపలేదన్నమాట. కథలో న్యాయాధిపతి కనీసం విసుగెత్తయినా తీర్పిచ్చాడు.

ఆ రాత్రి పల్లెలో నీ పేరెత్తడానికి ఎవరికి నోరొస్తుంది? అయినా అప్పీలు కాగితాలు ఢిల్లీ దారి పట్టాయి. వాటి మడతల్లో ఉన్నావు, స్తుతి నీకు. కొంగు నడుముకు దోపి సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళలో ఉన్నావు, స్తుతి నీకు. ఏటా ఆగస్టు 6న రక్తక్షేత్రం దగ్గర చేరేవాళ్ళలో, వాళ్ళ చంకనున్న పసివాళ్ళలో ఉన్నావు, స్తుతి నీకు.

సాక్షులు ముసలివాళ్ళవుతున్నారు నిరీక్షణా. పరలోకం ఎక్కడికీ పోదు. ముందు వాళ్ళ మాట ఈ నేలమీద చెల్లాలి, త్వరగా రా.